గేదె నెత్తిన గమేళా

ఆయన పేరు రాయను. పేర్లు రాయనని ఆయన మాకు మాటిచ్చాడు. ఆ మాట నమ్మే మాలో కొందరం నోరు విప్పాం. ఇన్నేళ్లకి ఆయన గురించి నేనే రాయాల్సి వచ్చింది కాబట్టి ఆ మర్యాద నేనన్నా పాటిస్తాను. సైటులో కూలీలు ఆయన్ని టోపీ సారు అనేవాళ్లు. మనమూ అలాగే అనుకుందాం.

పోయిన నెలలో ఓ ఆదివారం పొద్దున్నే పెసరట్టు తింటూ కూచున్నాను. మా అమ్మాయి ఇంజనీరింగులో పై చదువు చదువుతోంది. ఇళ్లూ భవనాలూ కట్టే చోట పనివాళ్లకి ప్రమాదాలు జరక్కుండా ఏం చెయ్యాలన్న దాని మీద ఇన్నాళ్లూ ఎవరెవరు ఏమేం పరిశోధనలు చేశారో, ఆ పరిశోధన ఎక్కడ మొదలై ఏ దోవన పడిందో ఒక వ్యాసం రాసుకు రమ్మన్నాడట వాళ్ల సారు. లైబ్రరీ నుంచి తెచ్చిన జిరాక్సు కాగితాలు మంచం నిండా పరిచి చదువుకుంటోంది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"నాన్నా, ఇది విను. ఒక గేదె నెత్తి మీద కాంక్రీటు మోసే ఇనప గమేళా బోర్లా పడిందట. అది గమేళాతో సహా కాలవకి వెళ్లిపోయిందట!"

అట్టుముక్క గొంతుకి అడ్డం పడింది. మంచినీళ్లు తాగి, "ఎవరు రాశారమ్మా అది?" అన్నాను.

పేరు చెప్పింది. "చాలా పెద్దాయన నాన్నా. డాక్టరేటుకి రాసిన పుస్తకం ఇది. మా సారుకి గురువుగారు. పోయిన కార్తీకంలోనే పోయారట. సంతాపసభ కూడా పెట్టారు" అంది.

పెద్దాయనో కాదో నాకు తెలీదు గానీ, ఆ గేదెకి తండ్రిని మాత్రం నేనే.

నేను అబద్ధాలకోరునని మా చుట్టాలందరూ అంటారు. అది నా మీద గిట్టనివాళ్లు పుట్టించిన అబద్ధం. నేను నిజానికి కాస్త నీళ్లు కొడతాను, అంతే. సిమెంటు పనైనా నీళ్లు కొట్టకపోతే గట్టిపడదు కదా. తొంభైల నడుమ నేను పటమటలో ఒక అపార్టుమెంటు సైటుకి సూపర్‌వైజర్ని. అయిదంతస్తులు. నాకు సిమెంటు గురించి తెలిసింది తక్కువ, మనుషుల గురించి తెలిసింది ఎక్కువ. మధ్యాహ్నం అన్నాల వేళ నా చుట్టూ కూలీలు చేరేవాళ్లు కథ చెప్పమని. నన్ను కథల బాబు అనేవాళ్లు.

అలాంటి ఒక మధ్యాహ్నం పూట ఆయన స్కూటరు మీద వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా చేతులు మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని. స్కూటరు దిగాక మామూలు హెల్మెట్ తీసి, దాని బదులు పసుప్పచ్చ ప్లాస్టిక్కు టోపీ ఒకటి సంచీలోంచి తీసి పెట్టుకున్నాడు. బెజవాడలో ఇళ్లు కట్టే చోట అలాంటి టోపీ మేం చూడ్డం అదే మొదలు. మా సైటులో నెత్తి మీద ఏదన్నా ఉందంటే అది తువ్వాలుగుడ్డే. ఒక కూలీ పిల్ల కిసుక్కుమంది. ఆయనా నవ్వాడు.

"నేను కాలేజీలో పాఠాలు చెబుతానండీ. ప్రమాదాల మీద పరిశోధన చేస్తున్నాను. మీ కాంట్రాక్టరు గారు శనివారం శనివారం రావచ్చన్నారు. లోపలికి రావచ్చాండీ?"

సైటులోకి రావచ్చా అని నన్నడిగినవాడు అంతకు ముందు లేడు, ఆ తర్వాతా లేడు. అందరూ ఇసుక తొక్కుకుంటూ వచ్చేవాళ్లే.

ఆయనకో అలవాటుండేది. ఎక్కడికెళ్లినా ముందు పైకి చూసేవాడు. సైటులో సరేసరి, పరంజా కట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దాని కిందికి పోకుండా చుట్టూ తిరిగి వచ్చేవాడు. టీ కొట్టుకి తీసుకెళితే ముందు రేకుల కప్పు చూసేవాడు. హోటల్లో ఫ్యాను చూసి, కొక్కెం చూసి, తర్వాత కుర్చీ లాక్కునేవాడు. కంకిపాడులో ఎవరిదో పెళ్లికెళ్లి, పందిరి రాటకి కట్టిన తాడు నచ్చక, తలంబ్రాల వేళ పెళ్లికొడుకుని పీటతో సహా రెండడుగులు ఇవతలికి జరిపించాడని చెప్పుకునేవాళ్లు. ఇది నేను కల్పించింది కాదు, విన్నది. రెండడుగులన్నది మాత్రం నాది.

జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. సైటులో తిరుగుతూ ఎక్కడన్నా మేకు పైకి లేచి ఉన్నా, చెక్క పగిలి ఉన్నా, చుట్టూ తెల్లటి గుండ్రం గీసేవాడు. ఏమీ అనేవాడు కాదు. గీసి, ఆ గుండ్రం పక్కన తేదీ వేసి, ముందుకెళ్లేవాడు. సాయంత్రం క్యూరింగుకి నీళ్లు కొట్టేసరికి ఆ గుండ్రాలన్నీ కారిపోయేవి. మళ్లీ శనివారం వచ్చి ఓపిగ్గా మళ్లీ గీసేవాడు.

చంకలో ఒక పొడుగాటి పుస్తకం. దానికి బ్రౌను అట్ట. అందులో ఏం రాస్తాడో మొదటిసారి చెప్పినప్పుడు నాకు మతి పోయింది.

"పడినవాళ్ల గురించి ఆసుపత్రిలో రాస్తారు, స్టేషన్లో రాస్తారు. పడబోయి ఆగినవాళ్ల గురించి ఎక్కడా రాయరండీ. నాకు వాళ్లు కావాలి. ఈ వారం మీ సైటులో పడబోయి పడనిది ఏమన్నా ఉందా?"

టీ తాగుతూ వివరంగా చెప్పాడు. ఈ విద్యలో ముందు రాసినవాళ్లంతా ఎవడన్నా పడితే కూలివాడి అజాగ్రత్త అని తేల్చి చేతులు దులుపుకున్నారట. తర్వాత తర్వాత, కాదు, పని చేయించేవాడి పద్ధతిలో ఉంది లోపం, చెక్క పుచ్చిపోతే మార్చనివాడిది తప్పు అని రాయడం మొదలెట్టారట. "ఇప్పుడు ఇంకొంచెం వెనక్కి వెళుతున్నారు. ఒక మనిషి పడ్డాడంటే అదే చోట అంతకు ముందు ఎంతోమంది పడబోయే ఉంటారు. వాళ్లని అడిగి తెలుసుకుంటే, పడేవాణ్ణి పడకముందే పట్టుకోవచ్చు. మన దగ్గర ఇది ఎవరూ చెయ్యలేదండీ" అన్నాడు. చెబుతుంటే ఆయన కళ్లు మెరిసేవి. నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాట భలే నచ్చింది. పడేవాణ్ణి పడకముందే పట్టుకోవడం.

అయితే ఆయనకి తెలియని చిక్కు ఒకటుంది. మా కూలీల్లో సగం మంది నాగాయలంక, కోడూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. పడవల మీద బతికిన కుటుంబాలు. వేట సాగక, చెరువులు పెద్దవాళ్ల చేతుల్లోకి పోయి, బెజవాడ వచ్చి ఇటుకలు మోస్తున్నారు. వాళ్లకో కట్టు ఉంది. నీళ్లలో పడవ తిరగబడబోయి నిలబడిందనుకోండి, గట్టుకొచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పరు. పెళ్లానికి కూడా. చెబితే నీళ్లు వింటాయంటారు. విన్న నీళ్లు, 'ఓహో, ఒకటి మిగిలిపోయిందే' అని వెతుక్కుంటూ వస్తాయట. నీళ్లు వదిలి నాలుగో అంతస్తు ఎక్కినా వాళ్లు ఆ కట్టు వదల్లేదు. కాలు జారినవాడు గమ్మున ఒక నిమ్మకాయ తెచ్చి పరంజాకి కట్టి పనిలోకి ఎక్కేవాడు. టోపీ సారు వచ్చి "ఏమ్మా, ఏమన్నా జరగబోయిందా?" అనడగడం, వాళ్లు "ఏం లేదు బాబూ, చల్లగా ఉన్నాం" అనడం. నాలుగు శనివారాలైనా పుస్తకంలో మొదటి పేజీ నిండలేదు.

ఆ మొహం చూడలేక నేను రంగంలోకి దిగాను.

"సార్, చెప్పకూడదు గానీ, మొన్న మంగళారం రెండో అంతస్తు నుంచి కాంక్రీటు గమేళా జారిందండి. కింద గేదె. సరిగ్గా నెత్తిన బోర్లా దిగింది. గేదె ఏమీ అనలేదండి. ఆ కిరీటంతోనే బందరు కాలవ దాకా నడిచివెళ్లి నీళ్లు తాగొచ్చింది. వచ్చేసరికి కాంక్రీటు గట్టిపడిపోయింది. దాని ఆసామి ఉలి పెట్టి పగలగొట్టాడు."

నవ్వుతాడనుకున్నాను. ఆయన పుస్తకం తెరిచి, "గేదె నిలబడి ఉందా, పడుకుని ఉందా?" అన్నాడు.

"నిలబడే అండి."

"గమేళా గోడకి ఎంత దూరంలో పడింది?"

ఏం చెప్పను? "మూడు బారలు" అన్నాను. రాసుకున్నాడు.

అంతే, నాకు రుచి మరిగింది. మరుసటి శనివారం తాపీ మేస్త్రీ కథ చెప్పాను. మూడో అంతస్తు బయటి గోడకి పూత పూస్తూ జారి, పక్కింటి బాల్కనీలో ఆరేసిన మంగళగిరి చీర పట్టుకుని ఉయ్యాల ఊగినట్టు ఊగి మొదటి అంతస్తు వసారాలో దిగాడనీ, అక్కడ బియ్యంలో రాళ్లేరుకుంటున్న ఇల్లాలు తలెత్తి, "చెప్పులు బయట విప్పి రండి" అందనీ. ఆయన అడిగిందల్లా ఒక్కటే. "చీర ఎన్ని గజాలండీ?"

నేను అబద్ధం చెబుతున్నానని ఆయనకి తెలుసా? ఆ రోజుల్లో తెలీదనుకున్నాను. పాపం అమాయకుడనుకున్నాను.

మా సైటులో నాంచారమ్మ అని ఒకావిడ గమేళాలు మోసేది. నాగాయలంక మనిషే. ఆమె భర్త ఏడుకొండలు సెంట్రింగు పనిలో ఉండేవాడు. ఇద్దరూ మాట తక్కువ మనుషులు. ఒక శనివారం నాంచారమ్మ మూడో అంతస్తులో లిఫ్టు గొయ్యి పక్కన గోడకి చేరగిలబడి కూచుని ఉంది. లిఫ్టు రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి. కింది దాకా నిలువునా గొయ్యి, దాని మీద అడ్డంగా ఒక చెక్క. అవతలికి పోవడానికి అదే దారి. టోపీ సారూ నేనూ ఆ దారినే వచ్చాం. ఆవిడ కాలి మడమ మీద గీరుకుపోయి నెత్తురు కట్టి ఉంది.

"ఏమైందమ్మా?" అన్నాడాయన.

"ఏం లేదు బాబూ. చల్లగా ఉన్నాను."

ఆయన చెక్క వైపు చూశాడు. గొయ్యిలోకి చూశాడు. అడుగున ఆవిడ గమేళా పడి ఉంది. అప్పుడాయన ఒక పని చేశాడు. నెత్తి మీది పసుప్పచ్చ టోపీ తీసి ఆవిడ ఒళ్లో పెట్టి, ఇసకలో ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. పుస్తకం దూరంగా పెట్టాడు.

"ముందు నాది చెబుతానమ్మా. మా ఊరి రైస్ మిల్లు పైకప్పు రేకులు బాగుచెయ్యడానికి ఎక్కాను, చదువుకునే రోజుల్లో. రేకు విరిగింది. ఇనప వాసం చేతికి దొరికింది. కింద మర తిరుగుతోంది. ఎంతసేపు వేలాడానో తెలీదు. దిగివచ్చి అన్నం తిన్నాను. ఇంట్లో చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను."

నాంచారమ్మ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. టోపీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"చెక్క తిరగబడింది బాబూ," అంది చివరికి. "చివర పుచ్చిపోయింది. కాలు దిగిపోయింది. గోడలోంచి వచ్చిన ఇనప కమ్మి దొరికింది గాబట్టి... మా ఆయనకి చెప్పలేదు. మాలో చెప్పకూడదు."

"ఎవరికీ చెప్పనమ్మా. నీ పేరు రాయను. కానీ ఊరుకోను. సోమవారం పొద్దున్నే నేనే కాంట్రాక్టరు గారితో మాట్లాడి ఈ చెక్క తీయించి కటకటాలు పెట్టిస్తాను. నాదీ పూచీ" అన్నాడు. పుస్తకం తీసి రాసుకున్నాడు. చెక్క చుట్టూ సుద్దతో గుండ్రం గీశాడు, తేదీ వేశాడు. వెళుతూ వెళుతూ నాంచారమ్మకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఇలాంటి మనిషికా నేను గేదె కథలు చెప్పాను అనుకున్నాను. ఆ సాయంత్రమే కాంట్రాక్టరు దగ్గరికెళ్లి చెక్క సంగతి చెప్పాను. ఆయన సిగరెట్టు నుసి రాల్చి, "ఏవయ్యా, గేదె దాని మీంచి నడిచిందా? నీ కథలు నా దగ్గర కాదు" అన్నాడు. నా గేదె ఖ్యాతి అప్పటికే ఆయన దాకా పాకింది. సరే, సోమవారం సారు వస్తాడు కదా, ఆయన మాటకి విలువుంది కదా అని ఊరుకున్నాను. ఆ చెక్కకి అడ్డంగా ఒక కొబ్బరి తాడు కట్టాను. నా చేతనైంది అది. సూపర్‌వైజర్ని, చెక్క నేనే మార్చి ఉండొచ్చు. మార్చలేదు. ఆ మాట దాచను.

సోమవారం ఆయన రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం పరంజాకి తాడు చాలక ఎవరో నా తాడు విప్పుకుపోయారు. సుద్ద గుండ్రం క్యూరింగు నీళ్లకి కారిపోయింది. గురువారం పొద్దున సెంట్రింగు కర్రలు భుజాన వేసుకుని ఏడుకొండలు ఆ చెక్క మీద కాలు పెట్టాడు. ఆ చెక్క సంగతి అతనికి తెలీదు. పెళ్లాం చెప్పలేదు కదా. చెప్పకూడదు కదా.

ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు.

తర్వాత లేబరు ఆఫీసులో విచారణ పెట్టారు. నాంచారమ్మకి పరిహారం రావడమా పోవడమా అన్నది ఒక్క ప్రశ్న దగ్గర తేలాలి. ఆ చెక్క ప్రమాదమని పని చేయించేవాళ్లకి ముందే తెలిసే అవకాశం ఉందా, లేక కూలివాడు చూసుకోక కాలేశాడా? నేను నిలబడి జరిగింది చెప్పాను. నీళ్లు కొట్టకుండా చెప్పాను. నా జన్మలో అంత పొడిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. కాంట్రాక్టరు మీసం చాటున నవ్వుతూనే ఉన్నాడు. "ఈయన మాట ఎవరు నమ్ముతారండీ?" అన్నాడు ఆఫీసరుతో.

"నా మాట వద్దు సార్," అన్నాను. "కాలేజీ సారు పుస్తకంలో ఉంది. అయిదు రోజుల ముందు రాసుకున్నాడు. తేదీ వేసి. ఆయన్ని పిలిపించండి."

పిలిపించమన్నది నేనే. అది గుర్తుపెట్టుకోండి.

వాయిదా నాడు ఆయన వచ్చాడు. చొక్కా చేతులకి బొత్తాలు, చంకలో బ్రౌను అట్ట పుస్తకం. లోపలికి రాగానే పైకి చూశాడు, ఫ్యాను వైపు. కాస్త పక్కకి జరిగి నిలబడ్డాడు. నాంచారమ్మ గోడ పక్కన నేల మీద కూచుని ఉంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడింది. ఆవిడ మొహంలో ఒక ధైర్యం కనబడింది నాకు. ఇంక పరవాలేదు, మాటిచ్చినాయన వచ్చాడు అన్నట్టు.

"ఈ చెక్క గురించి ముందుగా మీకెవరన్నా చెప్పారా?" అనడిగాడు ఆఫీసరు.

ఆయన పుస్తకం అట్ట చేత్తో నిమిరాడు.

"నా పుస్తకంలో చాలామంది చాలా చెప్పారండీ. ఇవి పరిశోధన కోసం రాసుకున్న మాటలు. నిజమో కాదో నేను విచారించలేదు. సాక్ష్యానికి పనికిరావు. ఎలాంటివో ఒకటి చదువుతాను, మీరే చూడండి."

చదివాడు. ఏది చదివాడనుకుంటున్నారు?

గేదె. మూడు బారల దూరంతో సహా. బందరు కాలవతో సహా. పాఠం చెప్పే గొంతుతో, ఒక్క మాట పొల్లుపోకుండా.

ఆఫీసరు ఆపుకోలేక నవ్వాడు. గుమాస్తా నవ్వాడు. కాంట్రాక్టరు తొడ కొట్టుకుని నవ్వాడు. నేను చెప్పిన కథకి జనం నవ్వడం నాకు కొత్త కాదు. ఆ నవ్వు వింటుంటే మాత్రం కాళ్ల కింద చెక్క తిరగబడినట్టనిపించింది. నాంచారమ్మ ఒకరి మొహంలోంచి ఇంకొకరి మొహంలోకి చూస్తోంది. అందరూ ఎందుకు నవ్వుతున్నారో ఆవిడకి తెలీదు. తన మొగుడి చావు గురించి మాట్లాడడానికి వచ్చిన చోట గేదె ఎందుకొచ్చిందో తెలీదు. చివరికి, నవ్వకపోతే ఏం తప్పో అని, ఆవిడ కూడా కొంచెం నవ్వింది.

అది నేను మర్చిపోలేదు. మిగిలినవి మర్చిపోయినా అది మర్చిపోలేదు.

కూలివాడి అజాగ్రత్త అని తేలింది. ఏ మాటని దాటుకుని పరిశోధన ముందుకెళ్లిందని టీ కొట్లో కళ్లు మెరుస్తుండగా నాకు చెప్పాడో, సరిగ్గా ఆ మాటే.

మెట్ల దగ్గర పట్టుకున్నాను ఆయన్ని.

"ఏంటి సార్ ఇది? మీరే కదా రాసుకున్నారు. మీరే కదా గుండ్రం గీశారు."

"మీరు ఆవేశపడకండి" అన్నాడు. ఆ అండీ మాత్రం పోలేదు ఆయన నోట్లోంచి. "ఒక్క సైటులో నేను సాక్ష్యం చెప్పానంటే రేపు బెజవాడలో ఏ బిల్డరూ నన్ను గేటు దాటనివ్వడండీ. అంతటితో ఈ పరిశోధన ఆగిపోతుంది. ఇది పూర్తయితే ముందు ముందు ఎంతమంది బతుకుతారో ఆలోచించండి. ఒక్కరి కోసం అందరినీ..."

"సోమవారం ఎందుకు రాలేదు?"

"ఫోను చేశాను. కాంట్రాక్టరు గారు ఊళ్లో లేరన్నారు."

"ఉన్నాడు సార్. మీ కాలేజీలో కొత్త బ్లాకు పని ఆయనకే ఇచ్చారు. అక్కడే ఉన్నాడు ఆ వారమంతా. పునాదులకి ముగ్గు పోయించుకుంటూ."

ఆయన నా వైపు చూడలేదు. పైకి చూశాడు. అలవాటు. ఆఫీసు వరండా కప్పు చూసి, మెట్లు దిగి, సంచీలోంచి స్కూటరు హెల్మెట్ తీసుకుని వెళ్లిపోయాడు. 'అలాంటి కథలు చెప్పింది మీరే కదా' అని ఒక్క మాటంటే నేను నోరు మూసుకునేవాణ్ణి. ఆ మాట కూడా అనలేదు. అంత మర్యాదస్తుడు.

వెనక నాంచారమ్మ నిలబడి ఉంది. ఏడవలేదు.

"మావాళ్లు చెప్పకూడదన్నారు బాబూ," అంది. "చెప్పాను. నీళ్లు విన్నాయి."

"అది కాదమ్మా. చెక్క పుచ్చిపోయింది. మార్చలేదు వాళ్లు. నేను మార్చలేదు. నీ తప్పేం లేదు."

"నేను నోరెత్తిన అయిదో నాడు పోయాడు," అంది. ఆవిడకి ఇంక ఏ లెక్కా అక్కర్లేదు. ఆ వారమే నాగాయలంక బస్సెక్కి వెళ్లిపోయింది. పసుప్పచ్చ టోపీ ఆవిడ దగ్గరే ఉండిపోయిందనుకుంటాను. ఆ శనివారం తర్వాత ఆయన నెత్తిన అది నేను చూడలేదు.

నేనూ ఆ పని మానేశాను. ఇబ్రహీంపట్నంలో చిన్న టైల్స్ కొట్టు పెట్టుకున్నాను. టైలు కింద పడితే టైలే పగులుతుంది.

కథలు చెప్పడం మాత్రం మానలేదు. ఈ ఒక్కటి తప్ప. మా ఆవిడక్కూడా ఇది చెప్పలేదు. నాకూ నాగాయలంక కట్టు అంటుకుందేమో.

అదండీ, మంచం మీది జిరాక్సు కాగితాల వెనక సంగతి. మా అమ్మాయి దగ్గర్నుంచి అవి తీసుకుని పేజీ పేజీ తిప్పాను. ఇంగ్లీషులో రాశాడు, అర్థం కాని చోటల్లా దాన్నే అడిగాను. గేదె ఉంది. మంగళగిరి చీర ఉంది, ఆరు గజాలతో సహా. విచారణలో సాక్ష్యానికి పనికిరానివి పట్టా పుచ్చుకోవడానికి పనికొచ్చాయి. మొట్టమొదటి ఉదాహరణగా ఒక రైస్ మిల్లు, విరిగిన రేకు, వాసం పట్టుకుని వేలాడిన ఒక కుర్రాడు. తనది రాసుకున్నాడు. లిఫ్టు గొయ్యి కోసం మూడుసార్లు వెతికించాను. లేదు.

"ఏం వెతుకుతున్నావు నాన్నా?"

చెప్పాను. పైన మీకు చెప్పినదంతా చెప్పాను. చెక్క, టోపీ, గుండ్రం, తాడు, ఆఫీసులో నవ్వు. చెప్పడం అయిపోయాక మా అమ్మాయి నా వైపు చూసింది. చిన్నప్పటి నుంచి నా కథలు వింటూ పెరిగిన పిల్ల. దాని పెదవి చివర సన్నగా నవ్వు మొదలైంది.

"నాన్నా, ఇది కూడా గేదె లాంటిదేనా?"

దాని తప్పు కాదు. లేచి చెయ్యి కడుక్కుని వచ్చాను. సగం తిన్న అట్టు చల్లారిపోయి ఉంది. అప్పటికి మా అమ్మాయి నవ్వడం లేదు. నా మొహంలో ఏం చూసిందో, కాగితాలన్నీ పక్కకి నెట్టి నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని కూచుంది.

"అచ్చయిన వాటినే రాయమన్నారు నాన్నా. అయినా సరే, మా సార్ని అడిగి చూస్తాను. చెక్క ఎంత వెడల్పుంటుంది?"

అచ్చం ఆ గొంతే. ఆ ఓపికే. చీర ఎన్ని గజాలండీ అన్న గొంతు. అట్టు పళ్లెం తీసి అవతల పెట్టాను.

"ఎవరి పేరూ రాయనులే నాన్నా," అంది నా వెనకాడ్డం చూసి.

"అది మాత్రం వద్దు," అన్నాను. "పేరు రాయి. ముందు పేరే రాయి. నాంచారమ్మ. ఊరు నాగాయలంక. మూడో అంతస్తు, లిఫ్టు గొయ్యి. చెక్క జానెడు వెడల్పు. సూపర్‌వైజరుగా ఉన్నవాడు మార్చలేదు. అతని పేరు కూడా రాయి, నీకు తెలుసుగా."